బర్మింగ్‌హామ్ బరిలో మన బాక్సర్లు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ గారు కబురు చేసినప్పుడు, కథ రాయడం నాకు చేతకాదు, కవిత్వం అసలే రాదు, కావాలంటే ఒక పాఠం రాస్తానన్నాను. నేను పీఈటీని. వాన పడి గ్రౌండు బురదైతే నా పీరియడు లెక్కల సారుకు పోతుంది. సిలబస్ మిగిలిపోతే ఇంగ్లీషు మేడమ్‌కు పోతుంది. బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పే భాగ్యం నాకు ఎప్పుడూ రాదు కాబట్టి ఇక్కడ దొరికిన అవకాశం వదులుకోదలచుకోలేదు.

ఈ పాఠం ఒక ప్రశ్నతో మొదలైంది. అడిగింది మన హాస్టల్లో అప్పుడు ఏడో తరగతి చదువుతున్న పిల్లవాడు. 2022 జులైలో గోదావరి ఎట్లా వచ్చిందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. భద్రాచలం దగ్గర 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ నెల 16వ తేదీన నీరు 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంతటి వరద అదే. నీరు తీసిన మూడు వారాలకు, ఆగస్టు 7వ తేదీ ఆదివారం పొద్దున నేను హాస్టలుకు వచ్చాను. ఇళ్ళు మునిగిన పిల్లలు అప్పుడప్పుడే తిరిగి వస్తున్నారు. ట్రంకు పెట్టెలు బయట ఎండలో తెరిచి పెట్టారు, పుస్తకాలు అట్టలు ఉబ్బిపోయి ఉన్నాయి. వరండాలో ఒకడు పేపరు పైకి చదువుతుంటే మిగతావాళ్ళు వింటున్నారు. "కామన్వెల్త్ క్రీడల బాక్సింగ్ సెమీఫైనల్లో నిజామాబాద్‌కు చెందిన మహ్మద్ హుసాముద్దీన్ 1–4తో ఓటమి" అని చదివాడు. అప్పుడు ఆ ఏడో తరగతి పిల్లవాడు నావైపు తిరిగి, "సార్, అంతసేపు కొట్టుకుని మనవాడు ఒక్క దెబ్బే కొట్టాడా?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకంటే వాణ్ణి చూసి నవ్విన పదో తరగతి వాళ్ళను నిలబెట్టి 4–1 అంటే ఏమిటని అడిగితే వాళ్ళకూ తెలియదు. కొందరు నాలుగు పాయింట్లన్నారు. ఒకరు నాలుగు రౌండ్లన్నారు. ఏటా పతకాల సంఖ్య జనరల్ నాలెడ్జి పుస్తకంలో బట్టీ పడతాం గాని, ఆ పతకం ఎట్లా వస్తుందో, ఎట్లా చేజారుతుందో చూడం.

అంకె వెనుక ఏముంది

బాక్సింగ్ బరిని రింగ్ అంటారు గాని అది గుండ్రంగా ఉండదు. తాళ్ళ లోపల నాలుగు వైపులా 6.1 మీటర్లు, అంటే 20 అడుగుల చతురస్రం. చుట్టూ నాలుగు తాళ్ళు. ఒక మూల ఎరుపు, ఎదురు మూల నీలం. బర్మింగ్‌హామ్‌లో పురుషులకైనా మహిళలకైనా పోటీ మూడు రౌండ్లు, రౌండుకు మూడు నిమిషాలు, మధ్యలో ఒక్క నిమిషం విరామం. మొత్తం తొమ్మిది నిమిషాలు. తక్కువనిపిస్తుంది. నమ్మకం లేకపోతే చేతులు గడ్డం ఎత్తున పెట్టుకుని మూడు నిమిషాలు ఊరికే గాలిలో గుద్దులు విసిరి చూడండి. రెండో నిమిషంలోనే చేతులు కిందికి జారిపోతాయి.

రింగు చుట్టూ అయిదుగురు జడ్జీలు కూర్చుంటారు. ఒకరి మార్కులు ఒకరికి కనపడవు. రౌండు అయిపోగానే ప్రతి జడ్జీ ఆ రౌండులో మెరుగ్గా ఆడినవారికి 10 ఇస్తాడు, రెండోవారికి మామూలుగా 9 ఇస్తాడు. ఒకరిది బాగా పైచేయి అయితే రెండోవారికి 8 కూడా పడుతుంది. దెబ్బలన్నీ లెక్కకు రావు. గ్లవ్ పిడికిలి ముందుభాగంతో, ముఖానికో తల పక్కకో నడుము పైభాగానికో గట్టిగా తగిలిన దెబ్బే దెబ్బ. చేతుల మీద, భుజాల మీద పడినవి ఎన్నయినా లాభం లేదు. దెబ్బలతోపాటు పోటీని ఎవరు తమ చేతిలో పెట్టుకున్నారు, ఎవరు తెలివిగా ఆడారు అనేది కూడా చూస్తారు.

మూడు రౌండ్ల తర్వాత ఒక్కో జడ్జీ తన కాగితం కూడుకుంటాడు. 29–28 అని వస్తే, 29 వచ్చినవారు ఆ జడ్జీ లెక్కలో గెలిచినట్టు. ఇట్లా అయిదుగురిలో ఎంతమంది ఎవరిని గెలిపించారన్నదే పేపర్లో కనపడే అంకె. 5–0 అంటే అయిదుగురూ ఒకే మాట అన్నారని. 4–1 అంటే నలుగురు ఒకవైపు, ఒకరు రెండోవైపు. హుసాముద్దీన్ ఒక్క దెబ్బ కాదు, చాలానే కొట్టాడు. ఘానాకు చెందిన జోసెఫ్ కామీ అంతకన్నా బాగా ఆడాడని నలుగురికి అనిపించింది. ఒకరికి మనవాడే గెలిచాడనిపించింది.

ఇందులో ఒక చిత్రం ఉంది. ఒక పోటీలో మొదటి ఇద్దరు జడ్జీలు ఎరుపుకు 30–27 ఇచ్చారనుకోండి. మిగతా ముగ్గురు నీలానికి 29–28 ఇచ్చారు. అన్నీ కూడితే ఎరుపుకు 144, నీలానికి 141. కాని గెలిచింది నీలం, 3–2తో! అన్యాయమనిపిస్తుంది గదా. మన మండల పరిషత్ ఎన్నికలు గుర్తుచేసుకోండి. మండలం మొత్తం మీద ఓట్లు ఎక్కువ వచ్చిన పార్టీకి ఎంపీటీసీలు తక్కువ వస్తే ఎంపీపీ కుర్చీ దక్కదు. ఇదీ అంతే. లెక్క ఓట్లతో కాదు, ఎంపీటీసీలతో.

జడ్జీలు దేవుళ్ళు కాదు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికాకు చెందిన రాయ్ జోన్స్ 86 దెబ్బలు తగిలించాడు, కొరియా బాక్సర్ 32 తగిలించాడు. 3–2తో గెలిచింది కొరియా బాక్సర్. ఆ గొడవ తర్వాతే 1992 నుంచి జడ్జీల చేతికి మీటలు ఇచ్చి కంప్యూటరుతో దెబ్బలు లెక్కించే పద్ధతి తెచ్చారు. 2008 బీజింగ్‌లో విజేందర్ సింగ్ మన దేశానికి బాక్సింగ్‌లో తొలి ఒలింపిక్ పతకం తెచ్చింది ఆ పద్ధతిలోనే. దానికీ లోపాలున్నాయని 2013లో మళ్ళీ 10 మార్కుల పద్ధతికి మారారు. మార్కులు వేసేది మనుషులు అన్నంతకాలం ఈ తంటా తప్పదు. మీ వ్యాసరచన పేపరు దిద్దే సారుకైనా అంతే.

పన్నెండుమంది, ఏడు పతకాలు

ఇప్పుడు మన జట్టు సంగతి చూద్దాం. బర్మింగ్‌హామ్‌కు వెళ్ళిన భారత బాక్సర్లు పన్నెండుమంది. ఎనిమిదిమంది పురుషులు, నలుగురు మహిళలు. వచ్చినవి మూడు స్వర్ణాలు, ఒక రజతం, మూడు కాంస్యాలు. నీతూ ఘంఘాస్ 48 కిలోల్లో, నిఖత్ జరీన్ 50 కిలోల్లో, అమిత్ పంఘాల్ 51 కిలోల్లో స్వర్ణాలు గెలిచారు. ముగ్గురికీ ఫైనల్లో 5–0 తీర్పే వచ్చింది. సాగర్ అహ్లావత్ 92 కిలోలు దాటినవారి విభాగంలో ఇంగ్లండ్ బాక్సర్ చేతిలో 0–5తో ఓడి రజతం తెచ్చాడు. 57 కిలోల్లో హుసాముద్దీన్, 60 కిలోల్లో జైస్మిన్, 67 కిలోల్లో రోహిత్ టోకస్ కాంస్యాలు తెచ్చారు. సెమీఫైనల్లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు. మూడో స్థానానికి వేరే పోటీ పెట్టరు.

నాలుగేళ్ళ ముందు, 2018 గోల్డ్‌కోస్ట్‌లో తొమ్మిది పతకాలు వచ్చాయి కాబట్టి ఈసారి తగ్గినట్టే అని కొన్నిచోట్ల చదివాను. ఆ లెక్క నాకు నచ్చదు. ఓడినవాళ్ళ అంకెలు చూడండి. జైస్మిన్ సెమీస్‌లో ఓడింది 2–3తో. రోహిత్ టోకస్ జాంబియా బాక్సర్ స్టీఫెన్ జింబా చేతిలో ఓడింది 2–3తో. టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన లవ్లీనా బొర్గొహైన్ వేల్స్ బాక్సర్ రోజీ ఎకిల్స్ చేతిలో క్వార్టర్స్‌లోనే ఇంటిదారి పట్టింది, 2–3తో. సంజీత్ సమోవా బాక్సర్ చేతిలో ఓడిందీ 2–3తోనే. నాలుగు పోటీల్లో నలుగురు జడ్జీలు, పోటీకి ఒక్కరు చొప్పున, ఇటువైపు మొగ్గి ఉంటే మన జట్టు కథ వేరుగా ఉండేది. మరోవైపు సుమిత్ కుందు 0–5తో, శివ థాపా, ఆశిష్ కుమార్ 1–4తో ఓడారు. అక్కడ నెపం చెప్పడానికి లేదు. పేపర్లో మాత్రం పతకం రాని అయిదుగురినీ ఒకే గంపలో వేస్తారు.

మన ఇద్దరి దగ్గరకు వద్దాం. నిఖత్ తొలి పోటీలో మొజాంబిక్ అమ్మాయిని రిఫరీయే కాపాడాడు. దెబ్బలు తట్టుకోలేని స్థితి వస్తే రిఫరీ మధ్యలో పోటీ ఆపి రెండోవారిని విజేతగా ప్రకటిస్తాడు. ఆ తర్వాత వేల్స్, ఇంగ్లండ్ బాక్సర్ల మీద, ఫైనల్లో ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన కార్లీ మెక్‌నాల్ మీద వరసగా 5–0. అంటే మూడు పోటీల్లో 15 మంది జడ్జీల తీర్పులు, 15కు 15 ఆమెకే. హుసాముద్దీన్ నాలుగు పోటీలు ఆడాడు. దక్షిణాఫ్రికా బాక్సర్ మీద 5–0, బంగ్లాదేశ్ బాక్సర్ మీద 5–0, నమీబియా బాక్సర్ మీద 4–1, చివరికి 1–4. కూడండి, అతనికీ 15 తీర్పులే వచ్చాయి, కాకపోతే 20లో 15. అంతా కలిపి చూస్తే అందరు జడ్జీలను మెప్పించి కూడా కాంస్యంతో తిరిగి రావాల్సి వస్తుంది. ఓడిపోయిన రోజు ఎవరితో ఓడామన్నదే మిగులుతుంది.

ఆ ఆదివారం సాయంత్రం వార్డెన్ గారి గదిలో టీవీ ముందు నలభైమందిమి కూర్చుని నిఖత్ ఫైనల్ చూశాం. వరండాలోకి కిటికీ గుండా తలలు. పొద్దున ప్రశ్న అడిగిన పిల్లవాడు చివర 5–0 అని ప్రకటించగానే "అయిదుగురూ సార్!" అని అరిచాడు. నాకు ఆ రోజుకు అది చాలు.

నిజామాబాద్ నుంచే ఎందుకు?

పన్నెండుమంది ఉన్న దేశపు జట్టులో ఇద్దరు ఒకే ఊరివాళ్ళు, అదీ నిజామాబాద్. అదృష్టమా? కాదు. అక్కడ హుసాముద్దీన్ తండ్రి షంషుద్దీన్ బాక్సింగ్ కోచ్. కొడుకులకు నేర్పాడు, ఊళ్ళో పిల్లలకూ నేర్పాడు. హుసాముద్దీన్‌కు ఇంట్లో అన్నలే జోడీ. నిఖత్ 1996లో పుట్టింది. ఆమె తండ్రి జమీల్ అహ్మద్ ఆటల మనిషి. మొదట ఆమెను పరుగుకు తీసుకెళ్ళాడు. స్టేడియంలో అన్ని ఆటల్లోనూ ఆడపిల్లలు కనపడ్డారు, బాక్సింగ్‌లో ఒక్కరూ లేరు. ఎందుకు లేరని ఆమె తండ్రిని అడిగింది. ఆ ప్రశ్నతోనే ఆమె గ్లవ్స్ తొడిగింది. ఆడపిల్లలు లేరు కాబట్టి మగపిల్లలతోనే సాధన చేసింది. 2009లో విశాఖపట్నంలోని సాయ్ కేంద్రంలో ద్రోణాచార్య ఐ.వి. రావు దగ్గర చేరింది. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2017లో భుజం దెబ్బతిని ఆపరేషన్ అయి చాలాకాలం రింగుకు దూరమైంది. మళ్ళీ 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది, మూడు నెలలు తిరక్కుండా బర్మింగ్‌హామ్. ఇంకో సంగతి, కామన్వెల్త్ క్రీడల్లో మహిళల బాక్సింగ్ పెట్టిందే 2014లో. అప్పటిదాకా ఆమె ప్రశ్నకు ఆ క్రీడల నిర్వాహకుల దగ్గర కూడా జవాబు లేదు.

ఇంకో దేశం సంగతి చెబుతాను. బర్మింగ్‌హామ్ బాక్సింగ్‌లో ఉత్తర ఐర్లాండ్‌కు కూడా మనలాగే ఏడు పతకాలు వచ్చాయి, అందులో అయిదు స్వర్ణాలు. ఆ ఉత్తర ఐర్లాండ్ జనాభా 19 లక్షలు. మన పాత ఖమ్మం జిల్లా జనాభా 2011 లెక్కల్లోనే దాదాపు 28 లక్షలు! అంటే పాల్వంచ, ఇల్లెందు, మధిర, భద్రాచలం కలుపుకున్న మన ఒక్క జిల్లా కన్నా చిన్నది. అక్కడివాళ్ళ ఎముకలు ఇనుముతో చేసినవి కావు. బెల్‌ఫాస్ట్ నగరంలో పేటపేటకూ పాత బాక్సింగ్ క్లబ్బులున్నాయి. పనివాళ్ళ పిల్లలు సాయంత్రం కాగానే అక్కడికి పోతారు. తమ బరువే ఉన్న ఇంకో పిల్లవాడు అక్కడ రోజూ దొరుకుతాడు. బాక్సింగ్‌కు మొదట కావలసింది అదే. పుస్తకం ఒక్కడివే కూర్చుని చదవొచ్చు, రన్నింగ్ ఒక్కడివే చేయొచ్చు. బాక్సింగ్ ఒక్కడివే నేర్చుకోలేవు.

ఇక్కడ నాకు కోపం తెప్పించే మాట ఒకటుంది. మన ప్రాంతానికి వచ్చే పెద్దలు చాలామంది సభల్లో, "అడవిలో పెరిగిన బిడ్డలు, గుట్టలెక్కిన కాళ్ళు, వీళ్ళకు పుట్టుకతోనే బలం" అంటారు. వినడానికి బాగుంటుంది, మనమూ చప్పట్లు కొడతాం. కాని పుట్టుకతోనే అన్నీ ఉంటే ఇక కోచ్ ఎందుకు, గ్లవ్స్ ఎందుకు, పాలు గుడ్లు ఎందుకు? పొగడ్త అక్కడే ఆగిపోతుంది. 2014 మే 25న మాలావత్ పూర్ణతోపాటు ఎవరెస్టు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్ మన చర్ల మండలం వాడు, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివినవాడు. అతనూ చర్ల గుట్టల నుంచి నేరుగా ఎవరెస్టు మీదికి పోలేదు. భువనగిరి కోట రాళ్ళ మీద నేర్పించారు, డార్జిలింగ్ తీసుకెళ్ళారు, లద్దాఖ్ చలిలో ఉంచారు. ఆ తర్వాతే పంపారు. బలం ఉండొచ్చు. దానికి నేర్పినవాడు దొరికాడు కాబట్టి అది మనకు కనపడింది.

గెలుపు ఎక్కడిదాకా?

పాఠం అన్నాక మంచే చెప్పి ఊరుకోకూడదు. కామన్వెల్త్ అంటే ఒకప్పటి బ్రిటిష్ పాలిత దేశాలు ఎక్కువగా ఉన్న కూటమి. బాక్సింగ్‌లో బలమైన ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్, క్యూబా, చైనా అందులో లేవు. ఆ తేడా తర్వాత తెలిసింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మనకు బాక్సింగ్ స్వర్ణం ఒక్కటీ రాలేదు. లవ్లీనా రజతం తెచ్చింది, నిఖత్ సెమీస్‌లో థాయ్‌లాండ్ బాక్సర్‌తో 2–3తో ఓడి కాంస్యం తెచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు ఆరుగురు వెళ్ళారు, ఒక్క పతకమూ రాలేదు. అదే పారిస్‌లో ఉజ్బెకిస్తాన్‌కు బాక్సింగ్‌లోనే అయిదు స్వర్ణాలు.

అప్పటికి నిఖత్ రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. అయినా పారిస్‌లో ఆమెకు సీడింగ్ లేదు. సీడింగ్ అంటే బలమైనవాళ్ళు మొదట్లోనే ఒకరికొకరు తగలకుండా డ్రాలో దూరంగా ఉంచడం. ఒలింపిక్ సంఘం పాత బాక్సింగ్ సమాఖ్య గుర్తింపును 2023లో రద్దు చేసి, ర్యాంకింగ్ తానే వేసింది. అందులో ఆమె పేరు పైన లేదు. ఫలితంగా రెండో పోటీలోనే చైనాకు చెందిన టాప్ సీడ్ వు యు ఎదురైంది, 0–5తో ఓడింది. ఆ విభాగంలో స్వర్ణం వు యుకే దక్కింది.

హుసాముద్దీన్ సంగతి ఇంకోరకం. 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీస్ చేరాడు. మోకాలి గాయంతో రింగులోకి దిగలేకపోయాడు, కాంస్యంతో ఆగిపోయాడు. తర్వాత అర్జున అవార్డు వచ్చింది.

బర్మింగ్‌హామ్‌లో ఒక్క జడ్జీ తేడాతో ఓడిన జైస్మిన్ గుర్తుందా? పారిస్‌లోనూ మొదటి పోటీలోనే ఓడింది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో 57 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఫైనల్లో పారిస్ రజత విజేతను 4–1తో ఓడించింది. ఈ 4–1 ఏమిటో ఇప్పుడు మీకు చెప్పక్కరలేదు.

కాంటా, అన్నం

ఇది రాయడానికే నేను కలం పట్టానని చెప్పినా తప్పులేదు. ఆ ఫైనల్ తర్వాత వారం రోజులు మన డార్మిటరీ వెనక తువాళ్ళు చేతులకు చుట్టుకుని గుద్దుకున్నారు. ఒకడికి ముక్కు వెంట రక్తం వచ్చాక ఆగింది. అదొక తలనొప్పి. అంతకన్నా పెద్దది ఈ మధ్య ఎదురైంది. ఎదురుగా ఉన్న బాలికల హాస్టలు చెల్లెలు ఒకామె నన్ను ఆపి, "సార్, బాక్సింగ్‌లో తక్కువ బరువులో ఆడితే గెలుస్తారంట గదా, నేను రాత్రి అన్నం మానేశాను" అంది. ఎంత బరువున్నావమ్మా అంటే 41 కిలోలంది. పదిరోజులుగా రాత్రి పూట ఆమె ప్లేటు పక్కింటి కుక్కకు పోతోంది.

నేను నా కథ చెప్పాను, మీకూ చెబుతాను. 1990ల చివర్లో, తొమ్మిదో తరగతిలో ఉండగా వెయిట్ లిమిట్ కబడ్డీ సెలక్షన్లకు పేరిచ్చాను. మన స్టోర్ రూములో బియ్యం తూచే కాంటా ఎక్కి చూసుకుంటే కిలోన్నర ఎక్కువ ఉన్నాను. ఎవరూ చెప్పలేదు, నాకు నేనే రెండు పూటలు అన్నం మానేశాను. నీళ్ళు కూడా పుక్కిలించి ఉమ్మేశాను. ఎండలో రెండు చొక్కాలు వేసుకుని పరుగెత్తాను. వంటచేసే అమ్మ ఎందుకు తినట్లేదని అడిగితే కడుపు నొప్పన్నాను. ఖమ్మంలో కాంటా మీద పాసయ్యాను. అది ఒక్కటే పాసయ్యింది. మూడో రెయిడుకు కళ్ళు చీకట్లు కమ్మి లైను మీదే కూర్చుండిపోయాను. జట్టులో పేరు రాలేదు. ఆ తర్వాత ఎన్ని ఆటలు ఆడినా ఆ గీత మీద కూర్చున్నది మరిచిపోలేదు.

బరువు విభాగాలు పెట్టింది సన్నబడమని కాదు. 50 కిలోల మనిషిని 70 కిలోల మనిషి కొట్టకూడదని పెట్టారు. అది రక్షణ. పెద్ద బాక్సర్లు బరువు తగ్గిస్తారు, నిజమే. నిఖత్ 52 నుంచి 50కి వచ్చింది, జైస్మిన్ 60 నుంచి 57కి వచ్చింది. కాని వాళ్ళ వెంట డాక్టరు ఉంటాడు, ఏం తినాలో గ్రాములతో చెప్పేవాళ్ళుంటారు. అయినా ఎంత కష్టమో వినేష్ ఫోగాట్‌ను అడగండి. 2024 ఆగస్టు 7న, నిఖత్ బర్మింగ్‌హామ్ స్వర్ణానికి సరిగ్గా రెండేళ్ళకు, కుస్తీ 50 కిలోల ఒలింపిక్ ఫైనల్ రోజు పొద్దున ఆమె 100 గ్రాములు ఎక్కువ తూగింది. ఫైనల్ పోయింది, పతకమూ పోయింది. వంద గ్రాములంటే మీ స్నాక్స్‌లో ఇచ్చే పల్లీల పట్టీలు ఓ మూడు.

ఎదిగే వయసులో, అందులోనూ రక్తం తక్కువ ఉన్న పిల్లలు ఎక్కువగా ఉండే మన హాస్టళ్ళలో, అన్నం మానడం ఆట కాదు. జూనియర్ స్థాయిలో ఇంకా తక్కువ బరువుల విభాగాలూ ఉంటాయి. మీరు ఎంత బరువుంటే ఆ విభాగంలో ఆడండి. ముందు ఏఎన్ఎమ్ అమ్మ దగ్గర రక్తపరీక్ష చేయించుకోండి. ఆ చెల్లెలు చేయించుకుంది. మాత్రలు వాడుతోంది, రాత్రి భోంచేస్తోంది. గుడ్డు ఇచ్చే రోజు లైనులో ముందు నిలబడుతోందట.

కోచ్ లేకుండా, తలకు హెడ్‌గార్డు, పళ్ళకు మౌత్‌గార్డు లేకుండా ఒకరినొకరు కొట్టుకోవద్దు. ఇది ఆజ్ఞే అనుకోండి. అట్లా అని ఊరికే కూర్చోనక్కరలేదు. తాడాట ఆడండి, మూడు నిమిషాలు ఆడి ఒక నిమిషం ఆగి, మళ్ళీ మూడు నిమిషాలు. కుడిచేతి వాటం వాళ్ళు ఎడమకాలు ముందు పెట్టి, మడమ కొద్దిగా ఎత్తి, కుడి పిడికిలి గడ్డం పక్కన ఉంచి, ఎడమచెయ్యి నేరుగా విసిరి వెంటనే వెనక్కి తీసుకోవడం అభ్యాసం చేయండి. ఎడమచేతి వాటం వాళ్ళకు ఇది తిరగేసి చేయాలి. ఎదుట గోడ మీద మీ నీడ ఉంటుంది, దానికి దెబ్బ తగలదు. కోచ్ కోసం అర్జీ నేను రాశాను, కింద పూర్వ విద్యార్థుల సంతకాలు 23 పడ్డాయి. వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులు మిగతావాళ్ళు కూడా ఆఫీసు గదిలో టేబులు మీద ఉన్న కాగితం చూడగలరు. గ్లవ్స్ జతలు, రెండు హెడ్‌గార్డులు ఇస్తామని ఇద్దరు ముందుకొచ్చారు.

అభ్యాసం

పాఠం కాబట్టి లెక్క ఇవ్వకుండా వదలను. ఒక పోటీలో అయిదుగురు జడ్జీల కాగితాలు ఇవి. ముందు అంకె ఎరుపుది, రెండోది నీలానిది.

మొదటి జడ్జీ: 10–9, 10–9, 9–10.
రెండో జడ్జీ: 9–10, 10–9, 9–10.
మూడో జడ్జీ: 10–9, 9–10, 10–9.
నాలుగో జడ్జీ: 9–10, 9–10, 10–9.
అయిదో జడ్జీ: 10–8, 9–10, 9–10.

ఎవరు గెలిచారు, ఎంత తేడాతో? అయిదో జడ్జీ దగ్గర ఆగిపోతారు, నాకు తెలుసు. కూడితే సమానం వస్తుంది. నియమం ప్రకారం అట్లాంటప్పుడు ఆ జడ్జీ ఎవరో ఒకరి పేరు చెప్పి తీరాలి. ఆ కుర్చీలో మీరున్నారు. ఎవరి పేరు చెబుతారో, ఎందుకు చెబుతారో అర పేజీలో రాసి వార్షికోత్సవం రోజు నాకు చూపించండి. లెక్కల సారును అడగవద్దు, ఆయనకు బాక్సింగ్ రాదు.